నడుం పట్టేసినప్పుడు ఇంట్లో డీప్ టిష్యూ మసాజ్ ఎలా చెయ్యాలి

మావారికి నడుం పట్టేసినప్పుడు నేను మొదటిసారి చేసిన మసాజ్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్లల్లో జరిగేది అదే. ఆయన బోర్లా పడుకున్నారు, నేను నూనె ధారగా పోసేసి, డీప్ టిష్యూ అంటే లోపలిదాకా వెళ్లాలి కదా అని మోచేయి పెట్టి నా బరువంతా వేసి నొక్కేశాను. ఆయన ఊపిరి బిగపట్టి, దుప్పటి గుప్పిట్లో పట్టుకుని, పర్లేదు చెయ్యి, నొప్పి పుడితేనే పని చేస్తుంది అన్నారు. పొద్దున లేచేసరికి నడుం ఇంకా బిగుసుకుపోయి ఉంది, ఎడమవైపు అరచేయంత మేర కమిలిపోయింది, సాక్స్ వేసుకోడానికి కూడా వంగలేకపోయారు.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాం, ఆవిడ చేసిన పద్ధతి చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ముంజేయి నడుం మీద అలా ఆనించి ఉంచారు అంతే, నిమిషం దాకా కదిలించినట్టే అనిపించలేదు, ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా చెయ్యి కొంచెం కొంచెం లోపలికి దిగుతోంది. కండ దారి ఇస్తే వెళ్లాలి, మనం తోసుకుని దూరకూడదు అన్నారావిడ. ఆ ఒక్క మాట పట్టుకుని నేర్చుకున్నదే ఇప్పుడు నేను రాస్తున్నదంతా.

డీప్ అనేది మనం పెట్టే బలం గురించి కాదండి, చేరాల్సిన పొర గురించి. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద కండరాల్ని చుట్టి ఉండే ఫేషియా అనే పొర, దాని లోపల కండ. నడుం నొప్పి ఉన్నప్పుడు ఈ లోపలి కండలు బిగుసుకుని ఉంటాయి. ఠక్కున బరువు పడితే కండ తనని తాను కాపాడుకోడానికి ఇంకా బిగుస్తుంది, అప్పుడు మీరెంత బలంగా నొక్కితే అది అంత బలంగా ఎదురు తిరుగుతుంది, మీకు బొటనవేళ్లు నొప్పి, వాళ్లకి నడుం నొప్పి, ఇద్దరికీ ఏం మిగలదు. అదే నిదానంగా దిగితే ఇక్కడ ప్రమాదం ఏం లేదని శరీరానికి తెలుస్తుంది, కండ వదులవుతుంది. ఇంకోటి, వేలి కింద గట్టిగా తగిలేదాన్ని చాలామంది నరం మీద నరం ఎక్కింది అంటుంటారు, అది నరం కాదు, బిగుసుకున్న కండ ముడి. మసాజ్ వల్ల వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ లోపలికి వెళ్లిపోవడం, ఎముక సర్దుకోవడం లాంటివి కూడా జరగవు. కండ బిగువు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, కాస్త సులువుగా కదలగలుగుతారు. అదే పెద్ద లాభం.

మొదలుపెట్టే ముందు ఇది చదవండి, దయచేసి దాటేయొద్దు. మూత్రం లేదా మోషన్ మీద కంట్రోల్ పోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, రెండు కాళ్లలో బలం తగ్గినా అది ఎమర్జెన్సీ, మసాజ్ మాట మర్చిపోయి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. వెన్నెముక కింద ఉండే నరాల కట్ట నలుగుతున్నప్పుడు ఇలా జరుగుతుంది, గంటలు లేటైనా నష్టమే. పడ్డాక లేదా యాక్సిడెంట్ అయ్యాక మొదలైన నొప్పి, జ్వరంతో ఉన్న నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, ముందు కాన్సర్ వచ్చి ఉండటం, పడుకున్నా రాత్రంతా తగ్గని నొప్పి, వీటికి కూడా ముందు డాక్టరే. పక్కటెముకల కిందనుంచి గజ్జల్లోకి మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి కిడ్నీలో రాయి అయ్యుండొచ్చు, దాన్ని నొక్కితే ఏం తగ్గదు. వార్ఫరిన్, అపిక్సాబాన్, రివరోక్సాబాన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి చిన్న ఒత్తిడికే లోపల రక్తం చేరొచ్చు కాబట్టి లోతుగా చెయ్యకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్స్ వాడినవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే నడుముకి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా చేయించుకోవద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ కాలుని అస్సలు పిసకొద్దు.

భయపెట్టడానికి చెప్పట్లేదు. నడుం నొప్పుల్లో చాలా భాగం ఇలాంటి పెద్ద కారణం ఏదీ లేనివే, కండలూ కీళ్లూ అలిసిపోయి, పట్టేసి వచ్చేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉంది. అదే సంస్థ 2023 డిసెంబర్‌లో దీర్ఘకాలం నడుం నొప్పికి ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో వ్యాయామం, నొప్పి గురించి అవగాహనతో పాటు మసాజ్‌ని కూడా చేర్చింది, నడుం బెల్టులు మాత్రం రొటీన్‌గా వద్దంది.

ఎక్కడ నొక్కాలి అనేది తెలియాలంటే మూడు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. వెన్నెముకకి రెండు పక్కలా తాళ్లలా నిలువుగా దిగేవి ఎరెక్టర్ స్పైనే కండలు, కొత్తగా చేసేవాళ్లందరూ వీటినే రుద్ది వదిలేస్తారు. వాటికి పక్కగా, కొంచెం లోతుగా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో ఉండేది క్వాడ్రేటస్ లంబోరం, పేరు నోరు తిరగదు కాబట్టి అందరూ క్యూఎల్ అంటారు. గంటలు గంటలు కూర్చున్నా, ఒకే పక్క బరువు మోసినా, ఒక కాలి మీద వాలి నిలబడే అలవాటున్నా బిగిసేది ఎక్కువగా ఇదే. మూడోది పిరుదుల కండలు. నొప్పి నడుంలో ఉంటే పిరుదులు ఎందుకు అని నేనూ అనుకున్నాను, కానీ తుంటి దగ్గర బిగువు నడుముని లాగుతుంది, పైగా అక్కడి ముడుల నొప్పి చాలాసార్లు నడుంలోనే తెలుస్తుంది. మావారికి సగం రిలీఫ్ వచ్చింది అక్కడ చేశాకే.

ఇక రెడీ చేసుకోవడం. మెత్తటి పరుపు మీద చెయ్యొద్దు, మీరు పెట్టిన ఒత్తిడంతా పరుపే మింగేస్తుంది. నేల మీద మందంగా దుప్పటి పరవండి. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద పల్చటి దిండు, చీలమండల కింద చుట్టిన టవల్ పెట్టండి, దీనివల్ల నడుం వంపు తగ్గి కండలు మొదటినుంచే కాస్త వదులుగా ఉంటాయి. మెడ ఒక పక్కకి తిప్పి ఎక్కువసేపు ఉంటే పట్టేస్తుంది, అందుకని మడతపెట్టిన టవల్ మీద నుదురు ఆనించి ఉండమనండి. బోర్లా పడుకుంటేనే నొప్పి వస్తోందంటే పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకున్నా పర్లేదు. ముందుగా ఒక 15 నుంచి 20 నిమిషాలు వేడినీళ్ల బ్యాగ్‌తో కాపడం పెడితే మీ పని సగం తగ్గుతుంది, కాకపోతే చర్మం మీద స్పర్శ తక్కువ ఉన్నవాళ్లకి, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకి వేడి తెలీక కాలిపోవచ్చు, జాగ్రత్త. నూనె ఒక చెంచాడు చాలు, ఎక్కువైతే చెయ్యి జారిపోతుంది కానీ కండ పట్టుకి రాదు. గోళ్లు తీసేసుకోండి, ఉంగరాలు గాజులు తీసి పక్కన పెట్టండి.

మీరు కూర్చునే తీరు కూడా ముఖ్యం, లేకపోతే వాళ్ల నడుం తగ్గేలోపు మీ నడుం పడుతుంది. వాళ్ల పక్కన ఒక మోకాలు నేలకి ఆనించి, ఇంకో పాదం ముందుకి పెట్టి కూర్చోండి, చేతులు నిటారుగా ఉంచి శరీరం మొత్తం ముందుకి వాలండి. ఒత్తిడి భుజాలనుంచో వేళ్లనుంచో కాదు, మీరు వాలే బరువు నుంచి రావాలి. తగ్గించాలంటే వెనక్కి వాలితే చాలు.

మొదటి 5 నిమిషాలు లోతు ఊసెత్తొద్దు. రెండు అరచేతులతో నడుం కిందనుంచి వీపు మధ్యదాకా, పక్కలనుంచి మళ్లీ కిందకి, నెమ్మదిగా పాముతూ ఉండండి. ఈ టైంలోనే ఏ పక్క గట్టిగా ఉంది, ఎక్కడ చెయ్యి ఆగుతోంది, ఎక్కడ ముట్టుకుంటే వాళ్లు ఉలిక్కిపడుతున్నారు అనేది అరచేతికి తెలిసిపోతుంది.

తర్వాత ఎరెక్టర్ కండలు. వెన్నుపూసల గట్లు వేలికి తగులుతాయి కదా, వాటి మీద ఎప్పుడూ నొక్కకూడదు, అక్కణ్నుంచి రెండు వేళ్ల వెడల్పు పక్కకి జరగండి, తాడులాంటి కండ దొరుకుతుంది. ముంజేయి మెత్తటి భాగం, అంటే మోచేతి ఎముక మొన కాకుండా దానికి కొంచెం కిందున్న కండ, దాన్ని తుంటి ఎముకకి సరిగ్గా పైన ఆనించండి. ఆనించి ఆగండి. వాళ్లని ఊపిరి పీల్చి నిదానంగా వదలమనండి, వదిలేటప్పుడు మీరు కొంచెం వాలండి. రెండు మూడు ఊపిరులు అయ్యాక కండ కింద మెత్తబడినట్టు తెలుస్తుంది, అప్పుడు ఆ లోతులోనే ఉండి పక్కటెముకల మొదలుదాకా నెమ్మదిగా జరుపుతూ వెళ్లండి. ఎంత నెమ్మదిగా అంటే ఆ కాస్త దూరానికి 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. మొదట్లో ఇది చాలా బోర్‌గా, ఏం చెయ్యనట్టుగా అనిపిస్తుంది, చేతులు వేగంగా రుద్దేయాలని పీకుతుంటాయి, ఆగండి. ఒక్కో పక్క మూడు నాలుగు సార్లు చాలు.

మధ్యలో గట్టి ముడి తగిలితే దాన్ని అటూ ఇటూ గుచ్చొద్దు. బొటనవేలు దాని మీద పెట్టి, ఆ వేలి మీద రెండో చేతి బొటనవేలు పెట్టి, నొప్పి ఎంత ఉందో 10కి నంబర్ చెప్పమనండి. 5 లేదా 6 దగ్గర ఆగిపోండి, అంటే నొప్పి ఉంది కానీ హాయిగా కూడా ఉంది అనిపించే చోటు. అలా 30 నుంచి 60 సెకన్లు కదలకుండా పట్టుకోండి. మెల్లగా వాళ్లే 4 అంటారు, 3 అంటారు. నిమిషం అయినా నంబర్ తగ్గలేదా, వదిలేసి పక్కకి వెళ్లండి, కాసేపాగి మళ్లీ రండి. నంబర్ పెరుగుతుంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు. కరెంటు కొట్టినట్టు కాల్లోకి జివ్వుమన్నా, తిమ్మిరెక్కినా మీ వేలు నరం మీద ఉంది, వెంటనే తీసెయ్యండి.

నోటితో పర్లేదు అంటారు, వాళ్ల మాట నమ్మొద్దు, ఊపిరిని చూడండి. ఊపిరి బిగపడితే, కాలి వేళ్లు ముడుచుకుంటే, పిరుదులు గట్టిపడితే మీరు హద్దు దాటేశారు. మా ఇంట్లో ఇప్పటికీ నేను ఫస్ట్ చూసేది కాలి వేళ్లే.

క్యూఎల్ దగ్గరికి వచ్చేసరికి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. దీనికి పక్కకి తిరిగి పడుకోవడం బాగుంటుంది, నొప్పి ఉన్న పక్క పైకి రావాలి, పై చెయ్యి తల మీదుగా ముందుకి చాపమంటే పక్కటెముకలకీ తుంటికీ మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. తుంటి ఎముక పైఅంచుని వేళ్లతో పట్టుకోండి, దానికి సరిగ్గా పైన, వెన్నెముకకి నాలుగు వేళ్ల దూరంలో, ఎరెక్టర్ తాడు బయటి అంచు పక్కన బొటనవేళ్లు పెట్టండి. ఇక్కడ నొక్కాల్సింది నేలవైపు కాదు, ఏటవాలుగా వెన్నెముక వైపు. లోపల గట్టి పలకలాగా తగులుతుంది, చాలామంది ఇదిగో ఇక్కడే ఇక్కడే అంటారు. ఊపిరి వదిలినప్పుడు దిగండి, 30 సెకన్లు ఆగండి, అర అంగుళం జరగండి, మళ్లీ ఆగండి. కానీ పక్కటెముకల కిందకి పైవైపుగా వేళ్లు దూర్చొద్దు, ఆ చివరి రెండు జతల పక్కటెముకలు ముందువైపు దేనికీ అతుక్కుని ఉండవు, వాటికి లోపలివైపే కిడ్నీలు ఉంటాయి. తుంటి ఎముక వైపే ఎక్కువ పని చెయ్యండి. ఇక్కడ మోచేయి వాడొద్దు, ఒక్కో పక్క 3, 4 నిమిషాలకి మించొద్దు.

పిరుదుల దగ్గర మాత్రం కండ మందంగా ఉంటుంది కాబట్టి ముంజేయి, పిడికిలి రెండూ వాడొచ్చు, బట్టల మీదనుంచే చెయ్యొచ్చు. తుంటి ఎముక పైఅంచుకి కిందగా, బయటివైపు పైభాగంలో మొదలుపెట్టండి, పిడికిలి ఆనించి రూపాయి బిళ్లంత చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి, చర్మం మీద జారడం కాదు, చర్మంతో పాటు కింది కండ కదలాలి. తర్వాత త్రికాస్థి, అంటే వెన్నెముక కింద ఉండే ఆ పలక ఎముక, దాని అంచునుంచి తొడ పక్కన పొడుచుకొచ్చే ఎముక దాకా అడ్డంగా వెళ్లండి. ఆ దారిలో లోతుగా పిరిఫార్మిస్ అనే చిన్న కండ ఉంటుంది, దాని కిందనుంచే నడుంనుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరం వెళ్తుంది, అందుకే ఇక్కడ కాల్లోకి జివ్వుమంటే ఆ చోటు వదిలెయ్యండి. వాళ్ల మోకాలు మడిచి పాదం పైకి ఉండేలా పెట్టి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో పాదాన్ని నెమ్మదిగా లోపలికీ బయటికీ ఊపితే కండ ఇంకా బాగా వదులుతుంది.

కొంతమంది పొట్టలోంచి సోయాస్ కండని, అంటే నడుం దగ్గర వెన్నెముకనుంచి తొడ ఎముక దాకా లోపల దిగే కండని, నొక్కే వీడియోలు చూసి ట్రై చేస్తున్నారు. ఇంట్లో వద్దు. పేగులు, పెద్ద రక్తనాళాలు అన్నీ అక్కడే ఉంటాయి.

చివర్లో మళ్లీ అరచేతులతో లైట్‌గా రెండు నిమిషాలు పామి ఆపెయ్యండి. మొత్తం 30, 40 నిమిషాలు చాలు. బోర్లా నుంచి ఒక్కసారిగా లేవొద్దని చెప్పండి, పక్కకి దొర్లి, చేతులు ఆనించి లేచి కూర్చుని, అర నిమిషం ఆగి నిలబడాలి, లేకపోతే కళ్లు తిరగొచ్చు.

ఇంట్లో చేసేవాళ్లు ఎవరూ లేకపోతే టెన్నిస్ బాల్ ఒకటి చాలు. గోడకి ఆనుకుని నిలబడి, బాల్‌ని వెన్నెముకకి పక్కగా కండ మీద పెట్టుకుని మోకాళ్లు కొంచెం వంచుతూ పైకీ కిందకీ కదలండి, ఒత్తిడి ఎక్కువైతే పాదాలు గోడకి దగ్గరగా జరిపితే తగ్గిపోతుంది. నేల మీద పడుకుని చేస్తే ఆ కంట్రోల్ ఉండదు, అందుకే మొదట గోడే మేలు. పిరుదు కింద బాల్ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నా బాగా పనిచేస్తుంది. ఫోమ్ రోలర్‌ని, అంటే గట్టి ఫోమ్‌తో చేసిన గుండ్రటి రోలర్‌ని మాత్రం నేరుగా నడుం కింద పెట్టుకోవద్దు, నడుం మరీ విల్లులా వంగిపోతుంది, పిరుదులకీ తొడలకీ వాడుకోండి.

అయిపోయాక వెంటనే వెళ్లి సోఫాలో కూలబడితే చేసినదంతా వృథా. ఒక 10 నిమిషాలు ఇంట్లోనే నడవండి, తర్వాత వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలు ఛాతీ వైపు లాక్కుని 20, 30 సెకన్లు పట్టుకోండి. రెండోరోజు కొంచెం పచ్చిగా, ఎక్సర్‌సైజ్ చేసినప్పటిలా నొప్పిగా ఉండటం మామూలే, 24 నుంచి 48 గంటల్లో తగ్గిపోవాలి. మూడో రోజుకి కూడా ముట్టుకుంటే నొప్పి అంటే ఈసారి ఒత్తిడి తగ్గించండి. మరీ మొరటుగా నొక్కితే కండ దెబ్బతిని మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చే కేసులు కూడా ఉన్నాయి, అరుదే, కానీ అలా వస్తే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. మసాజ్ అయ్యాక టాక్సిన్స్ పోవడానికి లీటర్లకి లీటర్లు నీళ్లు తాగాలి అంటారు, అలాంటిదేం లేదు, దాహం వేస్తే తాగండి.

వారానికి ఒకటి లేదా రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజులు గ్యాప్. రోజూ చెయ్యొద్దు. 2011లో అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన ఒక స్టడీలో దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్న 401 మందిని తీసుకుని కొందరికి కండల్ని టార్గెట్ చేసే మసాజ్, కొందరికి మామూలు రిలాక్సేషన్ మసాజ్ వారానికోసారి చొప్పున 10 సార్లు చేశారు, మిగతావాళ్లకి మామూలు వైద్యం మాత్రమే. మసాజ్ చేయించుకున్న రెండు గ్రూపులూ బాగా మెరుగయ్యాయి, ఆ రెండింటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు దీన్నిబట్టి అర్థమైంది ఏంటంటే ఎంత గట్టిగా అన్నదాని గురించి మనం అనవసరంగా కంగారు పడుతున్నాం, భయంగా ఉన్న రోజు లైట్‌గా చేసినా అది వేస్ట్ కాదు. ఏడాది గడిచేసరికి ఆ లాభం బాగా తగ్గిపోయిందని కూడా అందులోనే ఉంది, కాబట్టి మసాజ్‌తో నొప్పి తగ్గిన ఆ నాలుగు రోజుల్నీ కదలికకి వాడుకోవాలి. నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తే బ్రిడ్జ్, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపే బర్డ్ డాగ్, ఈ మూడు చాలు మొదట్లో. అరగంటకోసారి కుర్చీలోంచి లేవడం కూడా.

నాలుగైదు వారాలు చేసినా ఏ మార్పూ లేకపోతే, నొప్పి మోకాలు దాటి కిందకి పాకుతుంటే, ఇంట్లో ప్రయోగాలు ఆపి ఫిజియో దగ్గరికి వెళ్లండి. బయట ఎక్కడైనా మసాజ్ చేయించుకునేటప్పుడు ఏం మందులు వాడుతున్నారు, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అని వాళ్లు ముందే అడగాలి, అడక్కుండా చెయ్యి వేసేవాళ్ల దగ్గర చేయించుకోకండి. తగ్గించండి అంటే తగ్గించాలి, ఓర్చుకోండి అంటే లేచి వచ్చెయ్యండి.

మేం ఒక చిన్న పని మొదలుపెట్టాం, బాగా పనికొస్తోంది. మసాజ్ చేసిన మర్నాడు పొద్దున కేలండర్‌లో రెండు ముక్కలు రాస్తాను, ఏ పక్క చేశాను, ఎక్కడ ఎక్కువసేపు ఆగాను, సాక్స్ నిలబడి వేసుకున్నారా కూర్చుని వేసుకున్నారా. చేసిన వెంటనే అందరికీ హాయిగానే ఉంటుంది, అసలు సంగతి తెలిసేది పొద్దునే. అలా రాసుకుంటే మూడు వారాలకి ఆయనకి కుడి క్యూఎల్ కన్నా ఎడమ పిరుదు దగ్గర చేసిన మర్నాడే బాగుంటోందని తెలిసింది, అప్పట్నుంచి టైమంతా అక్కడే పెడుతున్నాను.